చోటుంది, దోవ లేదు

మా మేనమామ ఒక టూరింగ్ టాకీస్‌లో గేటు దగ్గర పనిచేసేవాడు. పుత్తూరు దాటి నగరి పోయే దోవలో, ఒక చింతతోపు పక్కన ఉండేది ఆ డేరా. ముందు నేల, దాని వెనక బెంచీలు, ఆ వెనక నాలుగు వరసల కుర్చీలు. చింపిన టికెట్ల సగం ముక్కల్ని మామ ఒక ఇనప తీగకు గుచ్చుకుంటూ పోయేవాడు. ఆ తీగ నిండిందంటే లెక్క నిండినట్టే. వెంటనే అట్ట పలక తీసి గేటుకు తగిలించేవాడు. దాని మీద సున్నంతో రాసి ఉండేది, 'హౌస్‌ఫుల్' అని.

ఒక సంక్రాంతినాడు, పలక తగిలించిన తరువాత, ఊళ్లో ఒక పెద్దాయన పదిమంది చుట్టాల్ని వెంటబెట్టుకొని వచ్చాడు. రెండెడ్ల బండి కట్టించుకొని, ఆడవాళ్లను, పిల్లల్ని ఎక్కించుకొని వచ్చాడు. వెనక నుంచి యజమాని కూడా సైగ చేశాడు, 'పంపించేయ్' అని. లోపల బెంచీలకూ నేలకూ మధ్య నడిచేందుకు వదిలిన జాగా కనిపిస్తూనే ఉంది. అక్కడ చాప పరిస్తే పదిమంది హాయిగా కూచుంటారు. మా మామ చేతులు కట్టుకొని నిలబడి ఒకే మాట అన్నాడు. "చోటుంది పెద్దాయనా, దోవ లేదు. రేపు మొదటాటకు రాండి, నేనే కూచోబెడతా."

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఆ మాట నాకు అర్థం కాలేదు. అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది, చాలా చావు వార్తలు వినాల్సి వచ్చింది. ఈ పూట మీతో పంచుకోవాలనుకున్నది ఆ ఒక్క మాటే.

జనం పోగయ్యే ప్రతి చోటికీ ఒక అనుమతి ఉంటుంది. సినిమా హాలుకు మన రాష్ట్రంలో 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం కింద లైసెన్సు ఇస్తారు. హాళ్ల వాళ్లు దాన్ని 'బీ ఫారం' అంటారు. దానికి తోడు అగ్నిమాపక శాఖ నుంచి ఎన్‌ఓసీ, కరెంటు వైరింగ్‌కు ధ్రువపత్రం, భవనం గట్టిదనానికి ఇంజినీరు కాగితం కావాలి. ఇవన్నీ గడువు తీరేలోగా మళ్లీ మళ్లీ తెచ్చుకోవాల్సినవే. ఈ కాగితాల కట్టలో అన్నిటికంటే విలువైనది ఒక అంకె. లోపల ఎంతమంది ఉండవచ్చు అనే అంకె.

ఆ అంకె ఎట్లా వస్తుంది? హాలు పొడుగు వెడల్పులు కొలిచి, ఎన్ని కుర్చీలు పడతాయో చూసి రాసేస్తారని మనం అనుకుంటాం. అది సగమే నిజం. మంటో పొగో వస్తే, కరెంటు పోతే, లోపలివాళ్లంతా బయటపడటానికి తలుపులు ఎన్ని, వాటి వెడల్పు ఎంత, నడవాలు ఎంత అని చూస్తారు. జనం కూడే భవనాల్లో బయటికి పోయే తలుపు వెడల్పు రెండు మీటర్లకు తగ్గకూడదని జాతీయ భవన నియమావళి చెబుతుంది. తలుపు బయటి వైపుకే తెరుచుకోవాలి. ఆట నడుస్తున్నంతసేపూ దానికి తాళం ఉండకూడదు. అంటే లైసెన్సు మీది అంకె లోపల పట్టేవాళ్ల లెక్క అనుకోకండి. అది ప్రాణాలతో బయటికి రాగలిగేవాళ్ల లెక్క. మా మామ ఏ నియమావళీ చదవలేదు. ఆయన చెప్పింది మాత్రం ఇదే.

మన తిరుపతిలో నైట్‌క్లబ్బుల వీధులు లేవు కదా, ఈ గొడవ మనకెందుకు అని కొందరికి అనిపించవచ్చు. మన పిల్లలు ఎక్కడున్నారో ఒకసారి తలుచుకోండి. కుప్పం నుంచి, పలమనేరు నుంచి, చిత్తూరు నుంచి రోజూ రైళ్లలో, బస్సుల్లో బెంగుళూరు పోతున్నారు. తిరుపతి, పుత్తూరు వాళ్లకు చెన్నై మూడు గంటల దూరం. శనివారం రాత్రి వాళ్లు పోయే పబ్బులూ, పాటల కచేరీలూ, ఆటల మైదానాలూ మనకు దూరం కావు. ఇక ఊళ్లో చూస్తే బెనిఫిట్ షోలు ఉన్నాయి, డిసెంబరు 31 రాత్రి డీజే వేడుకలు ఉన్నాయి. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం తారకరామ మైదానంలో సినిమా వేడుకలు జరుగుతున్నాయి. 2023 జూన్‌లో 'ఆదిపురుష్' వేడుకకు ఎంత జనం వచ్చారో ఈ ఊరివాళ్లకు గుర్తే.

గుంపులో మనిషి ఎట్లా చనిపోతాడో తెలుసుకోవడం అవసరం. తొక్కిసలాట అంటే కిందపడి కాళ్ల కింద నలిగి చనిపోవడం అనుకుంటాం. చాలామంది నిలబడే చనిపోతారు. చదరపు మీటరు జాగాలో అయిదారుగురిని దాటి జనం కిక్కిరిస్తే, ఎవరి కాళ్లు వాళ్ల ఇష్టప్రకారం కదలవు. గుంపు నీళ్లలాగా ఊగడం మొదలుపెడుతుంది. వెనక నుంచి వచ్చే ఒత్తిడికి ఛాతీ విప్పారదు. ఊపిరి లోపలికి పోదు. వెనకనున్నవాళ్లకు ముందు ఏం జరుగుతోందో తెలియదు. వాళ్లు దుర్మార్గులు కారు. వాళ్లూ మనలాంటివాళ్లే, కాస్త ముందుకు పోదామనుకున్నవాళ్లు. అందుకే గుంపు మొదలైన తరువాత నీతులు చెబితే పనికిరాదు. గుంపు కాకముందే లెక్క ఆపాలి.

2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని సంధ్య థియేటర్‌లో 'పుష్ప 2' ముందస్తు ఆట. హీరో వస్తున్నాడని జనం ఎగబడ్డారు. ఒక తల్లి ఊపిరాడక ప్రాణం విడిచింది. ఆమె కొడుకు నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. కుటుంబమంతా కలిసి సినిమా చూద్దామని వచ్చినవాళ్లు. ఆ తరువాత పోలీసులు ఆ థియేటరుకు నోటీసు ఇచ్చారు, లైసెన్సు ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమని. పక్కపక్కనున్న రెండు హాళ్లకూ కలిపి 2,520 మంది పడతారనీ, రావడానికీ పోవడానికీ ఒకే దారి వాడుతున్నారనీ అందులో ఎత్తిచూపారు. ఈ మాట నన్ను చాలారోజులు వెంటాడింది. ఆ దారి డిసెంబరు 4న కొత్తగా పుట్టిందా? అంతకుముందు ఎన్ని వందల ఆటలు అదే దారిన నడిచాయి! తప్పు కళ్లకు కనబడటానికి ఒక తల్లి ప్రాణం పోవాల్సి వచ్చింది.

మనకు ఇంకా దగ్గరి సంగతి బెంగుళూరుది. 2025 జూన్ 3న ఐపీఎల్‌లో బెంగుళూరు జట్టు గెలిచింది. మరునాడు చిన్నస్వామి స్టేడియంలో సంబరం అన్నారు. స్టేడియంలో పట్టేది సుమారు 35,000 మంది. వచ్చినవాళ్లు లక్షల్లో. గేట్ల దగ్గర నలిగి 11 మంది చనిపోయారు, అందరూ పడుచువాళ్లే. విచారణ జరిపిన జస్టిస్ మైకేల్ డికున్హా కమిషన్ ఆ స్టేడియం పెద్ద సభలకు క్షేమకరం కాదని తేల్చింది. దాంతో మహిళల ప్రపంచకప్ మ్యాచ్‌లు అక్కడ జరగలేదు, నవీ ముంబయికి తరలిపోయాయి. నవంబరు 2న ఫైనల్లో భారత జట్టు కప్పు గెలిచింది. ఆ జట్టులో మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది. ఆ మ్యాచ్‌లు అనుకున్నట్టు బెంగుళూరులో జరిగి ఉంటే మదనపల్లె నుంచి, కుప్పం నుంచి ఎంతమంది ఆడపిల్లలు పోయి ఆమె ఆట చూసుండేవాళ్లో! అనుమతి పోయిందంటే నష్టపోయేది యజమానులే అనుకుంటాం. ఊరంతా నష్టపోతుంది.

అనుమతి పోవడం ఒక ఎత్తు. పోయిన అనుమతి నిజంగా పోవడం ఇంకో ఎత్తు. ఢిల్లీ ఉపహార్ సినిమా హాలు సంగతి చూడండి. 1997 జూన్ 13, శుక్రవారం, మధ్యాహ్నం ఆట, 'బోర్డర్' సినిమా. కింద కార్లు పెట్టే చోట ట్రాన్స్‌ఫార్మర్ అంటుకుంది. పొగ మెట్ల మీదుగా బాల్కనీకి ఎక్కింది. అక్కడ కుడివైపు దారిని మూసేసి యజమానుల కోసం ప్రత్యేకంగా ఒక బాక్సు కట్టారు. ఎక్కువ కుర్చీలు వేసి నడవాలు ఇరుకు చేశారు. తలుపులకు గడియలు పెట్టారు. దీపాలు ఆరిపోయాయి. 59 మంది ఊపిరాడక చనిపోయారు. ఆ హాలుకు 14 ఏళ్ల ముందే, 1983లో, లైసెన్సు నిలిపేశారు. యజమానులు హైకోర్టులో స్టే తెచ్చుకున్నారు. ఆ తరువాత తాత్కాలిక పర్మిట్ల మీదే ఆటలు నడిచాయి. 2015లో సుప్రీంకోర్టు ఇద్దరు యజమానులకు 30 కోట్ల రూపాయల చొప్పున జరిమానా వేసింది. చనిపోయినవాళ్లలో చిన్నపిల్లలు ఉన్నారు. వాళ్ల తల్లిదండ్రులు ఇరవై ఏళ్లకు పైగా కోర్టుల మెట్లు ఎక్కారు.

అట్లాంటి కథే మొన్న గోవాలో. 2025 డిసెంబరు 6 అర్ధరాత్రి అర్పోరాలోని ఒక నైట్‌క్లబ్బు అంటుకొని 25 మంది చనిపోయారు. వాళ్లలో 20 మంది అక్కడ పనిచేసే కూలివాళ్లు, వంటవాళ్లు. ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో పొట్ట చేతపట్టుకొని వచ్చినవాళ్లు. చాలామంది నేలకింది వంటగదిలో చిక్కుకున్నారు. దారి ఇరుకు కావడంతో ఫైరింజన్లు దూరాన్నే ఆగిపోయాయి. ఆ కట్టడాన్ని కూల్చమని పంచాయతీ ముందే నోటీసిచ్చిందనీ, పైవాళ్లు దానిమీద స్టే ఇచ్చారనీ ఆ ఊరి సర్పంచ్ చెప్పాడు. ఇంకా వెనక్కి పోతే, 1942లో అమెరికాలోని బోస్టన్ నగరంలో కోకోనట్ గ్రోవ్ అనే క్లబ్బు. అనుమతి 460 మందికి. చనిపోయినవాళ్లు 492 మంది. అనుమతించిన లెక్క కంటే చచ్చిపోయినవాళ్ల లెక్క ఎక్కువ. దేశాలు వేరు, కాలాలు వేరు. అన్నిచోట్లా లోపల చోటు ఉండింది. దోవ లేకుండా పోయింది.

మన జిల్లా సంగతి కూడా చెప్పుకోవాలి. 2021 డిసెంబరు చివర్లో రెవెన్యూ అధికారులు రాష్ట్రమంతటా సినిమా హాళ్లు తనిఖీ చేశారు. లైసెన్సు గడువు తీరినవి, అగ్నిమాపక ఎన్‌ఓసీ లేనివి మూయించారు. అప్పటి చిత్తూరు జిల్లాలో మదనపల్లె వైపు హాళ్లకు సీలు పడింది. కొద్దిరోజులకే, లోపాలు సరిచేసుకోండని నెల గడువిచ్చి తెరవనిచ్చారు. అవి టికెట్ ధరల మీద ప్రభుత్వానికీ సినిమావాళ్లకూ గొడవ నడుస్తున్న రోజులు. అందుకే జనం నోట ఆ గొడవ మాటే నలిగింది. తలుపుల మాట, నడవాల మాట, నిప్పార్పే సిలిండర్ల మాట ఎవరి నోటా రాలేదు.

నాకు మాత్రం ఆ వారం వేరే బాధ పట్టుకుంది. సీలు పడిన హాళ్లలో టికెట్లు చింపేవాళ్లు ఉన్నారు, సైకిల్ స్టాండు మనిషి ఉన్నాడు, ఇంటర్వెల్‌లో సమోసాలు అమ్మే పిల్లోడు ఉన్నాడు, ఆపరేటర్ ఉన్నాడు. వాళ్ల కూలి ఆ రోజే ఆగిపోయింది. గడువు తీరిన కాగితం గురించి వాళ్లకేం తెలుసు? తనిఖీ ఏడాదికి ఒకసారి క్రమం తప్పకుండా, చెప్పిన తేదీకి జరిగితే, లోపం చిన్నదిగా ఉన్నప్పుడే దొరుకుతుంది. వారంలో బాగుచేసుకొని హాలు నడుపుకోవచ్చు. ఏళ్ల తరబడి ఎవరూ చూడక, ఒక్కసారిగా వచ్చి తాళం వేస్తే, ఆ తాళం కక్షలాగా కనబడుతుంది. తప్పు చేసినవాడికి జనంలో సానుభూతి దొరుకుతుంది. ప్రాణాల లెక్క మరుగున పడుతుంది.

లెక్క అంటే ఏమిటో ఈ దేశంలో తిరుపతివాళ్లకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? కొండమీద వైకుంఠం క్యూ కాంప్లెక్సు చూడండి. జనాన్ని కంపార్ట్‌మెంట్లుగా విడగొట్టి, కూచోబెట్టి, పాలూ అన్నమూ ఇచ్చి, ముందు గది ఖాళీ అయినాకనే వెనక గది తలుపు తీస్తారు. రోజుకు అరవై, డెబ్బై వేలమంది ఆ తలుపుల గుండా పోతున్నారు. లెక్క తప్పనంతకాలం అంత జనమూ క్షేమంగా నడుస్తుంది. అట్లాంటి మన ఊళ్లోనే 2025 జనవరి 8 రాత్రి ఆరుగురు చనిపోయారు. వైకుంఠ ద్వార దర్శనం టోకెన్లు మరునాడు తెల్లవారుజామున ఇస్తారని తెలిసి, ముందు రోజు సాయంత్రానికే బైరాగిపట్టెడ దగ్గర వేలమంది చేరారు. ఒంట్లో బాగాలేని ఒక మనిషి కోసం గేటు తీశారు. టోకెన్లు ఇస్తున్నారనుకొని జనం ఒక్కసారిగా దూసుకొచ్చారు. ఆ రాత్రి అంబులెన్సుల చప్పుడుకు నిద్రపట్టని ఇళ్లలో మాదీ ఒకటి. ఆ తరువాతి సారి మొదటి మూడు రోజుల టోకెన్లను ఆన్‌లైన్‌లో ఈ-డిప్ అనే లాటరీ పద్ధతిలో ఇచ్చారు. గుంపు కూడాల్సిన అవసరమే లేకుండా చేశారు. అది సరైన దారి. ఆరు ప్రాణాలు పోకముందే ఆ దారి దొరికుండాల్సింది.

దేవుడి దర్శనాన్నీ డీజే పాటనూ ఒకే తక్కెడలో వేస్తున్నానని ఎవరూ నొచ్చుకోవద్దు. భక్తి వేరు, వినోదం వేరు. ఛాతీ మీద పడే బరువు మాత్రం ఒకటే.

రెండేళ్ల కిందట డిసెంబరు 31న మా అన్న మనవరాలు పట్టుబట్టి నన్ను ఒక కొత్త సంవత్సరం వేడుకకు తీసుకుపోయింది. ఎక్కడో చెప్పను. మేడమీద హాలు. మణికట్టుకు కాగితం పట్టీ కట్టి లోపలికి పంపుతున్నారు. పట్టీల చుట్ట అయిపోతే బల్లకింది నుంచి ఇంకో చుట్ట తీశారు. ఎంతమందికి కట్టారో రాసుకున్న పుస్తకం ఏదీ ఆ బల్లమీద నాకు కనబడలేదు. లోపల చీకటి, పొగ యంత్రం, రంగు దీపాలు. పిల్లలు ఆనందంగా ఎగురుతున్నారు. వాళ్ల ఆనందం చూస్తే నాకూ సంతోషమే వేసింది. మూలన పచ్చ అక్షరాలతో 'ఎగ్జిట్' అని వెలుగుతోంది. దాని కింద తలుపు కనబడలేదు. దగ్గరికి పోయి చూస్తే, కూల్‌డ్రింక్ కేసులు నా ఎత్తున పేర్చి ఉన్నాయి. వాటి వెనక తలుపు. గడియకు ఒక తీగ చుట్టి మెలిపెట్టారు. అక్కడున్న కుర్రాణ్ణి అడిగాను, "ఇదేందబ్బయా?" అని. "అది ఎవురూ వాడరు సార్" అన్నాడు పాపం, మర్యాదగానే. పైపెచ్చు టికెట్ లేకుండా ఎవరూ ఆ దారిన దూరకుండా కట్టినామన్నాడు. నేను మనవరాలి చేయి పట్టుకొని మెట్లు దిగేశాను. పాప దోవంతా అలిగింది. ఇంటికొచ్చినాక మా మామ కథ చెప్పాను. రెండు నిమిషాలు ఊరకే ఉండి, "తాతా, ఆ కేసులు మనం తీయించుండాల్సింది కదా" అంది.

పాప చెప్పింది నిజం. నేను నా బిడ్డను మాత్రమే బయటికి తెచ్చుకున్నాను. మిగిలిన వందలమంది పిల్లల్ని అక్కడే వదిలేసి వచ్చాను. ఆ రాత్రి ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడం నా తప్పును కడగదు. అందుకే ఈ నాలుగు మాటలు రేడియోలో చెబుదామని వచ్చాను.

హాళ్లు, రిసార్టులు నడిపేవారికి ఒక విన్నపం. మీ లైసెన్సు మీద ఉన్న అంకెను గేటు దగ్గర పెద్ద అక్షరాలతో, తెలుగులో రాసిపెట్టండి. టికెట్లతో పాటు తలలు కూడా లెక్కపెట్టే మనిషిని ఒకణ్ణి పెట్టండి. లెక్క నిండింది అని చెప్పే అధికారం అతనికివ్వండి. వెనక నుంచి సైగ చేయకండి. నడవాలో వేసే ఎక్స్‌ట్రా కుర్చీ మీకు రెండు మూడు వందలు తెస్తుంది. ఆ కుర్చీ తగిలి పడినవాడి వెనక ఎంతమంది పడతారో లెక్క కట్టలేం.

అధికారులకు ఒక విన్నపం. పండగకు నెల ముందు రండి. వెలుతురులో కాదు, ఆట నడిచేటప్పుడు, జనం ఉన్నప్పుడు రండి. కాగితం చూసేముందు వెనక తలుపు తోసి చూడండి. అది తెరుచుకోకపోతే ఆ పూటకు ఆట ఆపండి. తెరుచుకునేలా చేసినాక మళ్లీ నడుపుకోనివ్వండి. ఎవరి హాలు, ఎవరి పార్టీ అని చూడకండి.

ఇక మనకు. లోపలికి పోగానే తెర కంటే ముందు తలుపులు చూడండి. వచ్చిన తలుపు కాకుండా ఇంకొకటి ఎక్కడుందో పిల్లలకు వేలుపెట్టి చూపించండి. తలుపుకు అడ్డంగా ఏదైనా ఉంటే తీయమని అడగండి. తీయకపోతే 101కు ఫోన్ చేయండి. అది ఫిర్యాదు కాదు, తోటివాళ్లకు చేసే మేలు. హౌస్‌ఫుల్ బోర్డు కనబడితే గేటు మనిషిని బతిమాలకండి, బెదిరించకండి. పలుకుబడి వాడకండి. ఆ బోర్డు మిమ్మల్ని అవమానించడానికి పెట్టింది కాదు. లోపలున్నవాళ్ల ప్రాణాలకు కాపలాగా పెట్టింది.

ఆ సంక్రాంతి రాత్రి ఆ పెద్దాయన కాసేపు మీసం దువ్వుకొని నిలబడ్డాడు. తరువాత బండి వెనక్కి తిప్పించాడు. మరునాడు మొదటాటకు మళ్లీ వచ్చాడు, చుట్టాలందరితో. మా మామ మాట నిలబెట్టుకున్నాడు, ముందు వరసలో కూచోబెట్టాడు. ఆట అయినాక అందరూ నవ్వుకుంటూ ఇంటికి పోయారు.